1983 శాసనసభా ఎన్నికలు: మా పక్షమువారి కథ

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు చరిత్రవిషయకమగు వ్యాసమొకటి పంపవలసినదని కార్యదర్శిగారు కోరియున్నారు. పూర్వరాజుల శాసనములను గూర్చియు, మన వంశకర్తలను గూర్చియు వ్రాయగల పండితులు మనలో పెక్కురు గలరు. మేము కన్నులార చూచి చేతులార పనిచేసిన చరిత్ర యొకటి గలదు. అది 1983వ సంవత్సరము జనవరి 5వ తేదీన ఆంధ్రప్రదేశమున జరిగిన శాసనసభా ఎన్నికల ప్రచారము. మేమప్పుడు తెలుగుదేశ పక్షమువారము. తటస్థులమను వేషము వేసికొని వ్రాయుట మాకు చేతగాదు. ఎదుటి పక్షమువారి కథను వారిలో నొకరు వ్రాసినయెడల అందరికంటె ముందుగా మేమే చదువుదుము.

1956లో రాష్ట్రమేర్పడిన నాటినుండి ప్రభుత్వము కాంగ్రెసువారిదే. 1978లో ఎన్నికైన శాసనసభకు ఐదేండ్లు నిండకముందే నలుగురు ముఖ్యమంత్రులైరి. మర్రి చెన్నారెడ్డిగారు, టంగుటూరి అంజయ్యగారు, భవనం వెంకట్రామ్‌గారు, కోట్ల విజయభాస్కరరెడ్డిగారు. వీరందరు నసమర్థులని మేమనము. కడపటివారు మర్యాదస్థులని అప్పుడు మావారును ఒప్పుకొనుచుండిరి. కాని వారిని నిలుపుటయు, తీయుటయు ఢిల్లీలో జరుగుచుండెను. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయమున, స్వాగతమునకు వచ్చిన అంజయ్యగారిని రాజీవ్ గాంధీగారు పదుగురియెదుట మందలించిరను వార్త పల్లెపల్లెకు ప్రాకెను. అంజయ్యగారిపై నే యభిమానమును లేనివారు సైతము నొచ్చుకొనిరి. ఇంటిపెద్ద మంచివాడు కాకపోవచ్చును; అయినను పొరుగువాడు వచ్చి ఆయనను వాకిట నిలబెట్టి కసరినచో ఆ యింటివారికి మనసు కాలకుండునా?

ఆ మరుసటి మాసమున, అనగా మార్చి 29న, నందమూరి తారకరామారావుగారు హైదరాబాదులో క్రొత్త పక్షమును ప్రకటించిరి. అప్పటికాయన వయస్సు 58 సంవత్సరములు. అది మొదలు పోలింగుదినమువరకు తొమ్మిది మాసములపై నొక వారము. పాత షెవర్లే వ్యాను నొకదానిని బాగుచేయించి, దానిపై నిలిచి మాటలాడుటకు వేదిక యమర్పించి, దానికి చైతన్యరథమని పేరిడిరి. కుమారుడు హరికృష్ణగారు దానిని నడపుచుండిరి. సంస్కృతము చదివిన మాకు రథమనగానే అశ్వములు, కేతనము, సారథి స్ఫురించుట సహజము. ఇందు శాస్త్రోక్తమైనవాడు సారథి యొక్కడే. ఖాకీదుస్తులు ధరించి, త్రోవప్రక్కనే స్నానభోజనములు కానిచ్చుకొని, బండిలోనే నిద్రించి ఆయన రాష్ట్రమంతయు తిరిగిరి. సాయంకాలమని చాటింపువేసిన సభకు రథము అర్ధరాత్రి దాటిన పిదప వచ్చుట మామూలు.

మా గ్రామము కృష్ణామండలమున గుడివాడకు చేరువనున్నది. ఆయన పోటీచేసిన రెండు స్థానములలో గుడివాడ యొకటి, తిరుపతి రెండవది. ఒకతూరి మా యూరి రహదారికి రథము తెల్లవారుజామున వచ్చెను. స్త్రీలు వరిగడ్డి పరచుకొని, చంటిబిడ్డలను ఒడిలో పరుండబెట్టుకొని రాత్రియంతయు కూర్చుండిరి. ఆయన పది నిముషములు మాటలాడి సాగిపోయిరి. ఒక్కరును గొణుగలేదు.

మేమప్పటికి సంస్కృతమున విద్యాప్రవీణ ముగించి ఉద్యోగమునకై ఎదురుచూచుచుంటిమి. నాడు 21 ఏండ్లు నిండినవారికే ఓటు. మా పేరు జాబితాకెక్కిన మొదటి ఎన్నిక అది. దస్తూరి బాగున్నదని మాకు గోడలు వ్రాయు పని యప్పగించిరి. ‘తెలుగుదేశము’ అని ముకారముతో వ్రాయవలెనని మేమును, సున్నతో సరిపెట్టవలెనని తోడివారును వాదించుకొంటిమి. నీలిమందు చాలనందున సున్నయే నెగ్గినది. గుర్తు సైకిలగుట మా యదృష్టము. పాలు పోయువాడు, బడిపిల్లవాడు, తపాలాజవాను, అందరును తమకు తెలియకయే మా ప్రచారకులైరి. ఎదుటిపక్షపు కార్యకర్తలు సైతము మాపై ప్రచారమునకు సైకిలెక్కియే పోవలసివచ్చెను.

నాడు ఓటు యంత్రములు లేవు. కాగితముపై గుర్తునెదుట రబ్బరుముద్ర వేసి, మడచి, పెట్టెలో వేయవలెను. అడ్డముగ మడచినచో తడియారని సిరా మరియొక గుర్తుపై నంటి ఓటు చెల్లకుండు ప్రమాదముండెను. కావున మేము నమూనా కాగితములు చేతబట్టి యింటింటికి పోయి నిలువుగ మడచుట నేర్పితిమి. కోతలు, కుప్పనూర్పులు సాగు కాలమగుటచే మగవారు కళ్లములలో నుండిరి, కళ్లములకే పోయితిమి. ఒక ముసలమ్మ నాలుగుసార్లు అడ్డముగనే మడచి, అయిదవసారి సరిగా మడచి, ఆ కాగితమును కొంగున ముడివేసికొనెను. ఇట్టి పనులు పత్రికలలో రావు. మా యెరుకలో ఎన్నిక గెలిపించునవి యివియే.

ఇక మన సంఘీయులకు ముఖ్యమైన సంగతి. అంతకుముందు మా యూర ఎన్నికలనగా మన కులపువీథి ఓట్లు గంపగుత్తగా నొకరికి పోవుటయే. పోలింగునకు వారము దినములముందు జీపొకటి కులపెద్దగారి వాకిట నిలుచును. రామాలయమునకు గచ్చు, భజనసమాజమునకు హార్మోనియము, శ్మశానమునకు త్రోవ, ఏదో యొకటి వాగ్దానమగును. పెద్దగారు తల యూపుదురు. వీథియంతయు ఓటువేసినట్లే. ఇందాయన స్వార్థమేమియు లేదు, పుచ్చుకొన్నది ఊరికొరకే. కాని ఓటరులను అడుగువారు లేరు. స్త్రీలనైతే వారి భర్తలును అడుగరు.

1982 డిసెంబరులోను జీపు వచ్చెను, తల యూగెను. ఆ రాత్రి రామాలయముకడ కులస్థులు కూడినప్పుడు యువకులము పదునేడుగురము లేచి, “తాతగారూ, మా ఓటు మేమే వేసికొందుము, మీరు మాట యీయవలదు” అంటిమి. ఆయన కోపింపలేదు. చాలసేపు మౌనముగ నుండి, “రేపు వీథిలో పెండ్లిపందిరి వేయుటకైనను మీరు నాయొద్దకే రావలెను గదా” అనిరి. ఆ మాటకు మాలో నైదుగురు కూర్చుండిరి. వారు పిరికివారు కారు. కులము చీలునను భయము చిన్న భయము కాదు. సంఖ్యాబలము తక్కువగల మనవంటివారు చీలినచో అడుగువాడుండడని నేటికిని మన మహాసభల వేదికలపై వినుచున్నాము. ఆ వాదమును మేము తేలికగా త్రోసివేయము. కాని పదిమందియు తామై యొక్కటిగా నిలుచుట వేరు. ఒకరు మనలను తూచి మరియొకరికిచ్చుట వేరు. మేము నాడు లేచినది రెండవదానిపైననే.

పోలింగునాడు ఉదయముననే స్త్రీలు వరుసకట్టిరి. పెద్దగారి కోడలు ఓటువేసి వచ్చి, వీథియరుగుపై కూర్చుండి, ఎవ్వరును అడుగకయే “నేను సైకిలుకు వేసితిని” అని ప్రకటించెను. మామగారు లోపలనుండి వినిరి. మరునాటినుండియు పందిళ్లకు మేము ఆయనయొద్దకే పోయితిమి. ఆయన మునుపటివలెనే దగ్గర నిలిచి వేయించుచుండిరి.

మా గెలుపు వట్టి సినిమామోజని కొందరందురు. కృష్ణుడుగను, రాముడుగను ఆయనను తెరపై చూచిన కనులతోనే జనులు రథమును చూచిరనుట నిజము. అయినను ఆ ముఖమే, ఆ కంఠమే 1989లో కల్వకుర్తిలో ఓడిపోయెను. పక్షమును అధికారము కోల్పోయెను. మోజు ఏడేండ్లలో మాయమైనదా? పత్రికాబలమని మరికొందరందురు. ఈనాడు దినపత్రిక మావైపు నిలిచిన మాట దాచనేల? కాని 1981 జనాభా లెక్కలలో రాష్ట్రమున అక్షరాస్యులు నూటికి సుమారు 30 మందియే. పొత్తుల సంగతి చెప్పబోయిన కొంచెమే యున్నది: కమ్యూనిస్టు పక్షములతో చర్చలు తెగిపోయెను, మేనకాగాంధీగారి సంజయ్ విచార్ మంచ్‌తో మాత్రము పొత్తు కుదిరెను. శాసనసభ ముఖమెరుగని వైద్యులను, న్యాయవాదులను, యువకులను అభ్యర్థులుగ నిలుపుట వీనియన్నిటికంటె మేలుచేసినదని మా నమ్మకము. అంతవరకు ఏ పక్షపు జాబితాలోను చోటు దొరకని కులములవారికి ఆ జాబితాలో చోటు దొరకెను.

294 స్థానములలో మా పక్షమునకు 200కు మించి వచ్చినవి. కాంగ్రెసునకు 60 వచ్చినవి. జనవరి 9వ తేదీన లాల్‌బహదూర్ క్రీడామైదానమున వేలాదిజనుల నడుమ ప్రమాణస్వీకారము జరిగెను. ఆ పిమ్మట 1984 ఆగస్టులో గవర్నరు రామ్‌లాల్‌గారు ఆయనను తొలగించుటయు, సెప్టెంబరు 16న మరల పదవి యీయవలసివచ్చుటయు అందరెరిగినవే.

1985 మార్చిలో మరల ఎన్నికలు వచ్చెను. ఈసారి రెండు పక్షములవారి జీపులును పెద్దగారి వాకిటనే నిలిచినవి. వచ్చినవారు ఆయనకు నమస్కరించి, మజ్జిగ పుచ్చుకొని, దిగి నడచుచు వీథిలోని ప్రతి గడపకును పోయిరి. రామాలయపు గచ్చు సంగతి ఎవ్వరును ఎత్తలేదు. ఆడువారందరును మంచినీటి కుళాయి నడిగిరి. మొదట నడిగినది పెద్దగారి కోడలు. కుళాయి ఆ వేసవిలో వచ్చినది.