చెరువు కట్ట దాకా ఒక పీరియడ్

తెలంగాణలోని దేవరుప్పుల వైపు చాలా ఊళ్లలో బడి నుంచి చెరువు కట్ట దాకా వెళ్లి రావడానికి ఒక పీరియడ్ చాలు. ఆ కాస్త దూరం నడవడానికే మన చదువులు దాదాపు తొంభై ఏళ్లుగా తంటాలు పడుతున్నాయి. బయటికి వెళ్లమని చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు. ప్రతిసారీ ఏదో ఒక పుస్తకమో పరీక్షో అడ్డొచ్చి పిల్లల్ని మళ్లీ లోపల కూర్చోబెట్టింది.

నిజానికి ఊరిని చదవడం పిల్లలకు బడి నేర్పిన విద్య కాదు. బతుకమ్మకు తంగేడు, గునుగు ఎక్కడ దొరుకుతాయో, వినాయక చవితి పత్రికి ఏ గుట్ట ఎక్కాలో వాళ్లకు తెలుసు. ఏ నేల చెల్క, ఏది రేగడి, ఏది చౌడు అన్నది కాళ్లకే తెలిసిపోయేది. నిజాం రాజ్యంలో పై చదువులు ఉర్దూలో సాగాయి కాబట్టి ఈ తెలివికి బడిలో చెల్లుబాటు లేకపోయింది. 1931-32లో సలీం అలీ ఈ రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఫలితాలు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఇంగ్లిషులో అచ్చయ్యాయి. ఆ పిట్టల్ని రోజూ చూసే పిల్లల పలకల మీదికి మాత్రం రాలేదు.

1937లో గాంధీ వార్ధాలో ప్రతిపాదించిన బునియాదీ విద్యకు పాఠ్య ప్రణాళిక రాసిన కమిటీ అధ్యక్షుడు హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుస్సేన్. చేతిపని, ప్రకృతి పరిసరం, సామాజిక పరిసరం అనే మూడింటి చుట్టూ చదువు తిరగాలన్నారు. ఆచరణలో నూలు వడికే తకిలీ మిగిలింది, పరిసరం జారిపోయింది.

అంతకు ముందే, 1926లో, మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి ప్రేరణతో రిషి వ్యాలీ పాఠశాల మొదలైంది. కరువు సీమలో బోడి కొండల మధ్య ఉన్న లోయ అది. అక్కడ దశాబ్దాల పాటు చెట్లు పెంచారు, నీటిని ఆపారు, పక్షుల్ని లెక్కపెట్టారు. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలకే కదా ఇదంతా అనొచ్చు. ఆ మాటకు జవాబు ఆ ఆవరణ బయటే ఉంది. వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు రిషి వ్యాలీ తరఫున చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడిపారు. పిల్లలు తమ ఊరి మ్యాపు తామే గీశారు. సంతలాంటి మెట్రిక్ మేళా పెట్టి, అమ్మానాన్నల ముందు తూకాలూ కొలతలూ చేసి చూపించారు. అక్కడ తయారైన పాఠాల కార్డుల పద్ధతి తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. పాఠం ఊరిది కావాలన్న పట్టుదల అన్నిచోట్లకూ వెళ్లిందని మాత్రం అనలేం.

తెలంగాణలో ఈ పల్లె బడులకు దగ్గరి చుట్టం జహీరాబాద్ పక్కన మాచనూరులోని పచ్చసాలె. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1990లలో పెట్టిన ఈ బడిలో మామూలు పాఠాలతో పాటు సేద్యం, వడ్రంగం, కుమ్మరం, మూలికా వైద్యం కూడా నేర్పారు.

సర్కారు బడుల సంగతికొస్తే, 1975 జాతీయ పాఠ్య ప్రణాళిక ప్రాథమిక తరగతుల్లో పరిసరాల విజ్ఞానాన్ని ఒక సబ్జెక్టుగా నిలబెట్టింది. అసలు కదలిక బ్రిటిష్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకంతో వచ్చింది. 1980ల్లో ప్రయోగంగా మొదలై 1989 నుంచి రాష్ట్రమంతా విస్తరించిన ఆ పథకానికి ఆరు సూత్రాలుండేవి. స్థానిక పరిసరాల వినియోగం అందులో ఒకటి. గింజలు, ఆకులు, ఈకలు ఏరుకొచ్చి అట్ట మీద అంటించి, తరగతి గదిలో దారం కట్టి వేలాడదీయడం ఆనాటి పంతుళ్లకు బాగా గుర్తు. ఇప్పుడు దాన్ని చూసి నవ్వేవాళ్లున్నారు. నాకైతే అది చిన్న విషయంగా అనిపించదు: పిల్లవాడు తెచ్చిన వేపగింజ మొదటిసారి బోధనోపకరణమైంది.

1993లో జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ వచ్చింది. పదేళ్ల నుంచి పదిహేడేళ్ల పిల్లలు జట్టుగా ఏర్పడి, తమ ఊరి సమస్య మీద పరిశోధించి, సొంత భాషలో చెప్పొచ్చు. 2001లో మొదలైన నేషనల్ గ్రీన్ కోర్ బడుల్లో ఎకో క్లబ్బులు పెట్టించింది. వాటికి చాలాకాలం ఏడాదికి 2,500 రూపాయలే ఇచ్చారు. ఆ డబ్బుతో బ్యానరు వస్తుంది, నాలుగు మొక్కలొస్తాయి.

ఇంకోవైపు న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో పర్యావరణ విద్యను తప్పనిసరి చేయమంది, 2003లో సిలబస్ తయారు చేయమని ఎన్‌సీఈఆర్‌టీకి చెప్పింది. ఉద్దేశం గొప్పదే. అయితే తప్పనిసరి అనగానే మన బడికి తెలిసింది పుస్తకం, ప్రశ్నలు, గ్రేడు. ఉన్నత తరగతులకు పర్యావరణ విద్య పేరిట ప్రత్యేక పుస్తకాలే వచ్చాయి. పరిసరాలు పుస్తకంలోకి వచ్చేసరికి పరిసరాల్లోకి వెళ్లే పని తప్పింది.

అలా చేజారిన పాఠం ఒకటుంది. తెలంగాణలో 2015 నుంచి మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసి, ఆ మట్టిని ట్రాక్టర్లతో చెల్కలకు తోలారు. పూడిక ఎందుకు చేరింది, తూము ఎందుకు మూసుకుపోయింది, మత్తడి దుంకి ఎన్నేళ్లయింది, బోర్లు ఎంత లోతుకు దిగాయి? సైన్సు, లెక్కలు, చరిత్ర అన్నీ ఒకేచోట కుప్పపోసి ఉన్న పాఠం అది. టైంటేబుల్లో దానికి గడి లేదు.

2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పది రోజులు సంచి లేని బడి ఉండాలంది. తెలంగాణ 2023-24లో నాలుగో శనివారాలను అందుకు కేటాయించింది. ఆ రోజుల్లో పిల్లలు వడ్రంగి, తోటమాలి, కుమ్మరిలాంటి పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలన్నది విధానంలోని మాట. ఆ వరసలో తూము తిప్పే నీరటి లేడు, తాడెక్కే గీత కార్మికుడూ లేడు. దేవరుప్పుల మండలంలో వాళ్లను పిలవాలంటే ఢిల్లీ ఉత్తర్వు అక్కర్లేదు. హెడ్మాస్టర్ల నెలవారీ సమావేశంలో ఒక తీర్మానం, వాళ్ల రోజు కూలికి కాస్త డబ్బు, నీళ్ల దగ్గర పిల్లల్ని కాచుకోవడానికి ఇంకో టీచరు ఉంటే చాలు. ఈ మూడింటిలో దొరకడం కష్టమైంది ఆ ఇంకో టీచరే.