వేలం భూమిలో ఐదో వంతు: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

హైదరాబాద్ ఇళ్ళ గురించి నేను కోరేది ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: ప్రభుత్వం వేలంలో అమ్మే భూమి మీద కట్టే విస్తీర్ణంలో ఐదో వంతు, అక్కడే, అందుబాటు ధరకు, ఎప్పటికీ ఉండాలి. ఇందులో ఏ మాటా తీసేయడానికి వీల్లేదు. ఎందుకో చెబుతాను.

‘వేలంలో అమ్మే భూమి’: ప్రైవేటు స్థలానికి షరతు పెడితే యజమాని కోర్టుకెక్కవచ్చు. సర్కారు భూమికి ఆ చిక్కు తక్కువ. షరతేదో నోటిఫికేషన్‌లోనే రాస్తే సరిపోతుంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ లేఅవుట్‌లో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) 45.33 ఎకరాలు వేలం వేస్తే రూ.3,319.60 కోట్లు వచ్చాయి. ఒక ప్లాటు ఎకరం రూ.100.75 కోట్లు పలికింది. అమ్మింది ప్రజల ఆస్తి. అందులో సామాన్యుడికి ఒక్క గది కూడా అడగకపోవడం అన్యాయం.

‘విస్తీర్ణంలో’: ఇళ్ళ సంఖ్యలో అంటే బిల్డరు ఓ మూల ఒంటిగది ఇళ్ళు కట్టి లెక్క చూపిస్తాడు. అందుకే చదరపు అడుగుల్లో కొలవాలి.

‘ఐదో వంతు’: అంత ఖరీదైన భూమిలో చవక ఇల్లా అని అడిగేవారికి ఓ లెక్క. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. అంతస్తులన్నీ కలిపి దానికి పదింతలు కడతారనుకుందాం. అప్పుడు ఎకరం రూ.100.75 కోట్ల ధర దగ్గర కూడా చదరపు అడుగుకు పడే భూమి ఖర్చు దాదాపు రూ.2,313. అంటే 560 చదరపు అడుగుల ఇంటికి సుమారు రూ.13 లక్షలు. ఆ మొత్తాన్ని ప్రభుత్వం వదులుకోగలదు. షరతు ముందే తెలిస్తే బిల్డరు వేలంలో ఆ మేరకు తగ్గించి పాడతాడు కాబట్టి, మిగతా ఫ్లాట్లు కొనేవారి నెత్తిన అది పడదు. ఖజానాకు కొంత తగ్గుతుంది. తగ్గనివ్వండి. వియన్నా నగరం 2018 చివర్లో తెచ్చిన నిబంధన ప్రకారం, నివాసాల కోసం కొత్తగా జోన్ మార్చే పెద్ద స్థలాల్లో మూడింట రెండు వంతులు సబ్సిడీ ఇళ్ళకే పోవాలి. మనం అడుగుతున్నది ఐదో వంతే.

‘అక్కడే’: నా దృష్టిలో వాక్యానికి ప్రాణం ఇదే. కోకాపేట వేలానికి రెండు నెలల ముందు, 2023 జూన్‌లో, నగర శివారు కొల్లూరులో రాష్ట్ర ప్రభుత్వ డబుల్ బెడ్‌రూమ్ పథకం కింద 15,660 ఇళ్ళు ప్రారంభించారు. ఇల్లు ఉచితం, అది చిన్న మేలు కాదు. కానీ కోఠిలో కూలి చేసుకునేవాడికీ, సికింద్రాబాద్‌లో నాలుగిళ్ళలో పనిచేసే ఆవిడకూ అది ఎంత దూరం! బస్సులోనే పొద్దు గడిచిపోతుంది. పిల్లల బడి మారుతుంది, అప్పు ఇచ్చే కిరాణా కొట్టు మారుతుంది, రోజూ దొరికే పని పోతుంది. ఇదే పథకం కింద 2015లో బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో, అంతకుముందు పేదల బస్తీ ఉన్న చోటే, 396 ఇళ్ళు కట్టారు. అక్కడివాళ్ళ పనులూ పరిచయాలూ చెదిరిపోలేదు. నగరం నడిబొడ్డున కూడా సాధ్యమేనని చూపించి, ఎక్కువ ఇళ్ళు మాత్రం శివార్లలో కట్టారు.

‘అందుబాటు ధర’: 2019 ఏప్రిల్ నుంచి జీఎస్టీ లెక్కలో, హైదరాబాద్ వంటి మహానగరంలో 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా, రూ.45 లక్షలు మించకపోతే అది అందుబాటు ఇల్లు. పన్ను ఒక శాతమే. అయితే ఎవరికి అందుబాటు? 2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన పెట్టుకున్న పేద కుటుంబం హద్దు ఏడాదికి రూ.3 లక్షలు, అంటే నెలకు పాతిక వేలు. రూ.45 లక్షల్లో రూ.36 లక్షలు ఇరవై ఏళ్ళకు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి తెస్తే ఈఎంఐ రూ.31 వేలు దాటుతుంది. జీతమంతా కట్టినా చాలదు. ధరను ఇంటి నుంచి కాదు, ఆదాయం నుంచి లెక్కగట్టాలి. అలాంటి పేద కుటుంబాల్లో చాలామందికి కావలసింది అమ్మకం కాదు, నికరమైన అద్దె. లిఫ్టు, నీళ్ళు, కాపలా ఖర్చులు కూడా అందులోనే కలపాలి. మెయింటెనెన్స్ కట్టలేక ఇల్లు వదిలేస్తే ఇచ్చినా ఫలితం ఉండదు.

‘ఎప్పటికీ’: ఈ రోజు చవకగా ఇచ్చిన ఇల్లు ఐదేళ్ళకు మార్కెట్ ధరకు చేతులు మారితే, నగరం ఒకరికి లాభమిచ్చి ఒక ఇల్లు పోగొట్టుకున్నట్టే. వియన్నా కార్పొరేషన్ తన రెండు లక్షలకు పైగా ఫ్లాట్లను అద్దెకే ఉంచుకుంది.

ఈసారి వేలం నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఎకరం ఎంత పలుకుతుందో అని ఎదురుచూడకండి. అందులో ఐదో వంతు షరతు ఉందా అని మీ ఎమ్మెల్యేను, మీ కార్పొరేటర్‌ను అడగండి.