ఒంటి మీది సాక్ష్యం

రిమాండుకు తెచ్చిన మనిషి మదనపల్లె కోర్టు వరండాలో కనబడితే, "ఏమప్పా, డాక్టరు చూసినాడా?" అని అడగడం వకీలుగా నాకు అలవాటు. ఆ ప్రశ్నకు చాలా పాత చరిత్ర ఉంది.

ఈ సీమ పాళెగాళ్ల నుంచి కావలి హక్కు లాక్కున్నాక, 1816 నాటి మద్రాసు రెగ్యులేషన్లు శిస్తు వసూలునూ పోలీసు పనినీ ఒకే తహసీల్దారు చేతిలో పెట్టాయి. ఊళ్లో మునసబు, అతని కింద తలారి. శిస్తు బాకీపడ్డ రైతుకూ, దొంగతనం అంటగట్టినవాడికీ ఒకటే మందు: ఎండలో వంచి నిలబెట్టడం, కళ్లలో కారం, లేదా కిట్టి. కిట్టి అంటే నిమ్మకాయ పిండే చెక్కలాంటిది. అందులో చేతులు పెట్టి నొక్కేవారు. ఇవన్నీ నిజమేనని 1855లో ఇలియట్, స్టోక్స్, నార్టన్‌ల కమిషను తేల్చింది.

1859లో పోలీసును రెవెన్యూ నుంచి విడదీశారు. పోలీసు ముందు ఒప్పుకున్నది సాక్ష్యం కాదని 1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చెప్పింది. 1872 ఎవిడెన్సు చట్టం దాన్నే ఉంచి, 27వ సెక్షన్‌లో ఒక సందు వదిలింది: ఆ మాట వల్ల వస్తువు దొరికితే ఆ మేరకు చెల్లుతుంది. ఆ సందుకు హద్దు గీసింది గుంటూరు నుంచి ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు. కత్తి ఎక్కడ దాచానో చెప్పింది చెల్లుతుంది, దాంతో పొడిచానన్నది చెల్లదు. ఇప్పటికీ ఏ సెషన్సు కేసులోనైనా మేం ఆ తీర్పునే పట్టుకుంటాం.

మరి ఒంటి సంగతి? 1973 కోడ్ 54వ సెక్షన్ వైద్యపరీక్ష హక్కు ఇచ్చింది, కానీ నిందితుడు నోరు తెరిచి కోరాలి. అరవమో కన్నడమో తప్ప రాని కుప్పం పల్లె మనిషి, పక్కన కానిస్టేబుల్ నిలబడి ఉండగా, కోరతాడా? ఆ హక్కు సంగతి మేజిస్ట్రేటే చెప్పాలని 1983లో షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు అంది. కస్టడీలో 48 గంటలకోసారి పరీక్ష చేయించాలని 1996లో డీకే బసు తీర్పు. అరెస్టు కాగానే పరీక్ష తప్పనిసరి అయింది మాత్రం 2009 డిసెంబరు 31 నుంచే. పోలీసు స్టేషన్లో పుట్టిన మాటను నమ్మొద్దని 1861లోనే తెలిసినవాళ్లకు, ఆ మాట రాబట్టిన దెబ్బలు చూడాలని తోచడానికి ఇన్నేళ్లా! ఏ సాకు చెబుతారో నాకైతే అర్థం కాదు.

ఆ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఈ పరీక్షది 53వ సెక్షన్. గాయాలు, అవి తగిలిన సుమారు సమయం డాక్టరు రాయాలి. నకలు నిందితుడికో, అతను చెప్పిన మనిషికో ఇవ్వాలి. మీవాళ్లనెవరినైనా పట్టుకెళితే జామీను మాట తర్వాత, ముందు ఆ నకలు అడిగి తీసుకోండి.