వాక్కాయ మొక్క: గుర్తింపు, కుండీలో పెంపకం

వాక్కాయ ఏడాది పొడవునా పచ్చగా ఉండే ముళ్ల పొద. శాస్త్రీయ నామం కారిస్సా కరండాస్. ఇది గన్నేరు కుటుంబానికి చెందినది. దీనిని కన్నడిగులు కవళె అనీ, తమిళులు కళాక్కాయ్ అనీ, మరాఠీవారు కరవంద అనీ పిలుస్తారు. ఎల్ల దాటితే పేరు మారుతుంది, మొక్క మారదు. కనుక పిల్లలకు పేరుతోపాటు లక్షణాలనూ నేర్పాలి.

గుర్తింపు: ఆకులు దళసరిగా, నున్నగా, కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా ఉంటాయి. కొమ్మలకు గట్టి ముళ్లు ఉంటాయి. తుంచితే పాలు కారుతాయి. తెల్లని పూలకు ఐదు రేకులు, కమ్మని వాసన. గుత్తులుగా కాసే కాయలు మొదట తెలుపు, గులాబి వన్నెల్లో ఉండి, పండినకొద్దీ నల్లబడతాయి.

హెచ్చరిక: పాలు కారినంత మాత్రాన అది వాక్కాయ కాదు. పచ్చగన్నేరుకూ పాలు కారుతాయి. దాని గింజ ప్రాణాంతకం. దానికి ముళ్లు లేవు. ఆకులు సన్నగా, పొడవుగా ఉంటాయి. పై లక్షణాలన్నీ సరిపోలని కాయను నోట పెట్టరాదు.

పెంపకం: పండు నుంచి తీసిన గింజలను నిల్వ ఉంచక వెంటనే నాటాలి. అడుగున రంధ్రం గల, అడుగున్నర వెడల్పు కుండీ చాలు. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక, చివికిన పశువుల ఎరువు ఒక్కొక్క పాలు కలపాలి. ఎండ బాగా తగలాలి. పైమన్ను ఆరిన తరువాతే నీరు పోయాలి. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. కాపు ముగిశాక కొమ్మలు కత్తిరించాలి. గింజ మొక్క కాపుకు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ముళ్లున్నందున కుండీని నడక దారిలో ఉంచరాదు.

ఉపయోగం: పుల్లని పచ్చికాయలు పప్పుకు, పులిహోరకు, పచ్చడికి పనికివస్తాయి. మాగిన పండ్లను అలాగే తినవచ్చు.