దిక్సూచి నేర్పిన పాఠం: క్లెమెంటి అడవి నుంచి ఎల్లాపురం దాకా

సింగపూర్‌లో దారి తప్పానంటే ఎవరూ నమ్మరు. ఈ చివర నుంచి ఆ చివరకు యాభై కిలోమీటర్లున్న దీవి ఇది. అయినా నేను తప్పాను, అదీ మా ఇంటికి బస్సులో పది నిమిషాల దూరంలో.

మేముండే క్లెమెంటి పేటకు కాస్త ఉత్తరంగా ఓ అడవి ఉంది. ఒకప్పటి రబ్బరు తోటను వదిలేస్తే చెట్లే మళ్ళీ ఆక్రమించుకున్నాయి. పడమట క్లెమెంటి రోడ్డు, తూర్పున 2011లో రైళ్ళు ఆగిపోయిన పాత మలయా రైలు దారి. ఓ ఆదివారం మా అబ్బాయితో కలిసి అటు నడకకు వెళ్ళాను. వాడు అప్పుడు నేషనల్ సర్వీసులో ఉన్నాడు. మాలాంటి పర్మనెంట్ రెసిడెంట్ల ఇళ్ళలో పెరిగిన మగపిల్లలకు ఇక్కడ రెండేళ్ళ సైనిక సేవ తప్పదు. శనివారం ‘బుక్ అవుట్’ అయి ఇంటికొచ్చి, ఆదివారం రాత్రికి తిరిగి వెళ్ళిపోతాడు. ఆ కాస్త సమయంలో కొడుకుతో నాలుగు మాటలు మాట్లాడదామని నా ఆశ.

అడవిలోకి వెళ్ళిన గంటకు వాన పట్టుకుంది. కాలిబాట బురదలో కలిసిపోయింది. రోడ్డు మీది బండ్ల రొద వాన హోరులో మునిగిపోయింది. నా ఫోను తడిసి ఆరిపోయింది. “ఇటు వెళ్దాంరా” అంటూ రెండుసార్లు తిప్పి, రెండుసార్లూ అదే పడిపోయిన చెట్టు దగ్గరికి తెచ్చాను. అప్పుడు వాడు అన్నాడు: “నాన్నా, ఎటు వెళ్ళాలో తర్వాత చూద్దాం. ముందు మనం ఎక్కడున్నామో చెప్పు.”

చెప్పలేకపోయాను. ఇందులో సిగ్గుపడాల్సిన విషయం ఒకటుంది. మనలో చాలామందిలాగే నేనూ సివిల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి దూకినవాణ్ణి. సర్వేయింగ్‌లో నాకు మంచి మార్కులే వచ్చాయి!

వాడు జేబులోంచి ప్లాస్టిక్ పలక మీద బిగించిన చిన్న దిక్సూచి తీశాడు. సాయం చేద్దామని నేను ఆరిపోయిన ఫోనుతో పక్కకు చేరగానే ముల్లు పక్కకు తిరిగింది. “ఫోను దూరంగా పెట్టు నాన్నా, అందులో అయస్కాంతం ఉంటుంది” అన్నాడు. ఆ మాటతో నాకు పాతికేళ్ళు వెనక్కి, మా కాలేజీ సర్వే క్యాంపులోకి వెళ్ళినట్టయింది. ఎండలో ప్రిజ్మాటిక్ కంపాస్ పట్టుకుని నేను తంటాలు పడుతుంటే, గొలుసు లాగే అటెండరు వచ్చి, “బాబూ, ఆ ఇనప గొలుసు పక్కన నిలబడితే ముల్లు నిజం చెప్పదు, ఇవతలికి రండి” అన్నాడు. పుస్తకంలో ‘లోకల్ ఎట్రాక్షన్’ అని ఒక పేజీ ఉంది. ఆ పేజీ నాకు అర్థమైంది ఆయన వల్లే. ఆయన పేరు మాత్రం ఫీల్డు బుక్కులో రాసుకోలేదు. ఇప్పుడు ఎంత తలుచుకున్నా గుర్తు రాదు.

మన నేలను కొలిచినవారు

ఆ వారమంతా నేను మన నేల సర్వేల చరిత్ర చదువుతూ కూర్చున్నాను. మూలం మదరాసులో ఉంది. 1802లో విలియం లాంబ్టన్ అనే ఆంగ్లేయ సైనికాధికారి సెయింట్ థామస్ మౌంట్ దగ్గర నూరడుగుల ఉక్కు గొలుసుతో ఏడున్నర మైళ్ళ సరళరేఖ కొలిచాడు. అందుకు 57 రోజులు పట్టింది. ఆ తర్వాత పని అంతా త్రిభుజాలదే. ఒక భుజం పొడవు, దాని రెండు చివర్లలోని కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలూ లెక్కలో వస్తాయి. కొత్త భుజం మీద మరో త్రిభుజం. ఇలా కొండ నుంచి కొండకు అల్లుకుంటూ పోయారు. లెక్క సరిచూసుకోవడానికి 1811లో గుత్తి దగ్గర, 1815లో బీదరు దగ్గర మళ్ళీ గొలుసు పరిచి కొలిచారు. కోణాలు కొలిచే థియోడొలైటు బరువు అర టన్ను. దాన్ని కొండల మీదికి మోసింది మనుషులే.

1818 చివర లాంబ్టన్‌కు సహాయకుడిగా హైదరాబాదు వచ్చిన యువకుడు జార్జ్ ఎవరెస్ట్. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి 1865లో పెట్టింది ఈయన పేరే. ఈ పెద్దమనిషి అడవిలో మొదటి గట్టి పాఠం నేర్చుకున్నది హిమాలయాల్లో కాదు, మన కృష్ణా గోదావరుల నడుమ ఎల్లాపురం అడవుల్లో. 1819 వానాకాలంలో ఆయన దళం అక్కడ పని మొదలుపెట్టింది. చూపు సాగడానికి చెట్లు కొట్టాలి, కొండ కొండకూ జెండా మనిషిని పంపాలి, అతను అక్కడే కాపు కాయాలి. మన్యం జ్వరం అందరినీ పడగొట్టింది. హైదరాబాదు నుంచి మనుషులనూ వాహనాలనూ పంపి వారిని తీసుకువెళ్ళాల్సి వచ్చింది. దళంలో కొందరు ప్రాణాలు వదిలారు. ఎవరెస్ట్ కోలుకోవడానికి 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్‌కు ఓడ ఎక్కాడు. జెండా పట్టినవారికి ఏ ఓడా లేదు.

సర్వేల్లో పనిచేసిన మనవారందరూ అనామకులు కారు. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు కాలిన్ మెకంజీ దగ్గర పనిచేశారు. ఈ మెకంజీయే 1815లో యావద్భారతానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. మనం గొప్పగా చెప్పుకునే కైఫీయతులు ఆ కృషిలోంచి వచ్చినవే. బొర్రయ్య 1803లోనే కన్నుమూస్తే లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. కలం పట్టినవారు గనుక వారి పేర్లు నిలిచాయి. గొలుసు పట్టినవారి పేర్లు నిలవలేదు.

నిలిచిందల్లా వారి కొలత. ఇప్పటికీ మనం ఊళ్ళో స్థలం గురించి మాట్లాడేటప్పుడు “ఎన్ని సెంట్లు?” అంటాం. ఆ సెంటు 66 అడుగుల గంటర్ గొలుసు బిడ్డ. గొలుసుకు నూరు లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. అమెరికాలో ఉంటూ ఊళ్ళో అయిదు సెంట్ల స్థలం కొన్న మిత్రులు ఆ గొలుసు అంచు పట్టుకున్నట్టే.

సింగపూర్‌లోనూ అదే కథ

ఇక్కడి రోడ్ల చరిత్ర కూడా వేరు కాదు. 1825 నుంచి మదరాసు, బెంగాల్ ప్రెసిడెన్సీల ఖైదీలను ఈ దీవికి తెచ్చి పనిచేయించారు. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు మదరాసు ప్రెసిడెన్సీలోవే. 1835 ప్రాంతంలో జార్జ్ కోల్మన్ అనే అధికారి భారతీయ ఖైదీలతో అడవిలో రోడ్డు సర్వే చేయిస్తుండగా పులి దూకి థియోడొలైటును పడగొట్టిందట. మనుషులకేమీ కాలేదు. లాయ్టెమాన్ అనే జర్మన్ చిత్రకారుడు ఆ దృశ్యాన్ని బొమ్మగా గీశాడు. ఆ బొమ్మ చూసేవారికి కోల్మన్ పేరు తెలుస్తుంది. చుట్టూ బెదిరిన ఖైదీల పేర్లు తెలియవు.

మా పేట పేరు వెనక కూడా ఓ బాటసారి ఉన్నాడు. 1947 దాకా రిఫార్మేటరీ రోడ్డు అని పిలిచిన రోడ్డుకు, 1930ల్లో గవర్నరుగా ఉన్న సర్ సెసిల్ క్లెమెంటి పేరు పెట్టారని సాధారణంగా చెబుతారు. మన కాన్పూరులో పుట్టిన ఈయన 1907–08లో కాష్గర్ నుంచి హాంకాంగ్ దగ్గరి కౌలూన్ దాకా చైనాను అడ్డంగా దాటుతూ, దారి పొడవునా భౌగోళిక పరిశీలనలు రాసుకున్నాడు. అలాంటివాడి పేరున్న చోట నేను దారి తప్పడం న్యాయం కాదు!

మా అబ్బాయి నేర్పింది

తర్వాతి ఆదివారాల్లో వాడు గురువు, నేను శిష్యుణ్ణి. మొదటి పాఠం మ్యాపును తిప్పడం: కాగితం మీది ఉత్తరం నేల మీది ఉత్తరానికి సరిపోవాలి. రెండోది ముల్లు చూపేది అయస్కాంత ఉత్తరమని గుర్తుంచుకోవడం. సింగపూర్‌లో అసలు ఉత్తరానికీ దానికీ తేడా ఇంచుమించు సున్నా. సియాటిల్‌లో సుమారు 15 డిగ్రీలు తూర్పుకు, బోస్టన్‌లో దాదాపు 14 డిగ్రీలు పడమరకు ఉంటుంది. అక్కడి మిత్రులు ఆ తేడాను సవరించుకోకపోతే కిలోమీటరు నడిచేసరికి పావు కిలోమీటరు పక్కకు పోతారు.

మూడోది అడుగుల లెక్క. నూరు మీటర్లకు మన అడుగులెన్నో ముందే చూసుకుని, నూరు మీటర్లకొక ముడి చొప్పున తాడుకు వేసుకుంటూ నడవాలి. 1865లో టిబెట్ వెళ్ళిన నయన్ సింగ్ 108 పూసల జపమాలకు బదులు 100 పూసలది పట్టుకుని అడుగులు లెక్కించాడు. విద్య అదే. నాలుగోది, తెలిసిన రెండు గుర్తుల దిక్కులు చూసి, వాటి నుంచి మ్యాపు మీద వెనక్కి గీతలు గీయడం. గీతలు కలిసేచోట మనం ఉంటాం. ఇది లాంబ్టన్ త్రిభుజమే. గుర్తులేవీ కనిపించని దట్టమైన చోట తప్పిపోలేని పొడుగాటి గుర్తును వెతకాలి: రోడ్డు, కాలువ, రైలు పట్టా. ఆ వానలో వాడు చేసింది అదే. ముల్లు చూసి నేరుగా పడమరకు నడిపించాడు. పావుగంటలో క్లెమెంటి రోడ్డు మీద బస్సు ఎక్కాం.

ఫోను వద్దని నేను అనను, నా అన్నం ఆ రంగంలోనే ఉంది. అయితే ఫోను మనల్ని చేరుస్తుంది గాని ఎక్కడున్నామో నేర్పదు. ఈ సభల నుంచి తిరిగి వెళ్ళాక మీ దగ్గరి పార్కు మ్యాపు ఒకటి, చిన్న దిక్సూచి ఒకటి కొని పిల్లలతో ఓ పూట నడవండి. వారికి సెంటు కథ, గుత్తి గొలుసు కథ, ఎల్లాపురం జెండా మనిషి కథ చెప్పండి. దారిలో ఎవరైనా మీకు ఒక మెళకువ నేర్పితే, ముందు వారి పేరు రాసుకోండి. నేను రాసుకోలేదు.