జబ్బు చేసిన రోజు జీతం

కార్మికుడు మంచాన పడ్డ రోజున జీతం ఎవరివ్వాలన్న ప్రశ్నను బ్రిటిష్ ప్రభుత్వం గట్టిగా విన్నది 1929లో వేసిన విట్లీ కమిషన్ నుంచే. జవాబు మాత్రం నింపాదిగా వచ్చింది. 1944లో కార్మికుల ఆరోగ్య బీమాపై అదార్కర్ నివేదిక, 1948లో ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ) చట్టం, 1952 ఫిబ్రవరిలో కాన్పూరు, ఢిల్లీలలో అమలు. ఇవాళ్టి నిబంధన ప్రకారం చందా కట్టిన కార్మికుడు జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం చేతికొస్తుంది.

సీజనల్ ఫ్యాక్టరీలను మాత్రం ఆ చట్టం గడప అవతలే నిలబెట్టింది. ఏవి సీజనల్? పత్తి జిన్నింగు, పత్తి ప్రెస్సింగు, వేరుశనగ కాయలు ఒలిచే పని, పంచదార, బెల్లం... గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో తిరిగినవాళ్ళకు ఈ జాబితా కొత్తగా అనిపించదు. స్పిన్నింగు మిల్లులో పనిచేసే ఆమెకు జబ్బు భత్యం ఉంటుంది. ఆ మిల్లుకు దూది పంపే జిన్నులో, అదే దుమ్ము పీల్చే ఆమెకు ఉండదు. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ మినహాయింపును ముట్టుకోలేదు.

మిర్చి దగ్గరికొస్తే అసలు యజమాని ఎవరో తేలదు. గుంటూరు యార్డులో సరుకు రైతుది, అమ్మించేది కమీషన్ ఏజెంటు, కొనేది వ్యాపారి, యార్డు నడిపేది మార్కెట్ కమిటీ. మోసేది ముఠా. బస్తాకింత అని రేటు. ఘాటుకు దగ్గు పట్టుకుని ఇంట్లో పడుకుంటే ఆ రోజు కూలి సున్నా. అందుకే ఇక్కడ బేరమంతా రేటు మీదే నడుస్తుంది. సెలవు అడగాలంటే ఎవరి ఎదుట కూర్చోవాలి? మహారాష్ట్ర 1969లో మాథాడీ చట్టంతో దీనికో దారి వెతికింది: సరుకు దించుకునేవాళ్ళ దగ్గర బోర్డు లెవీ వసూలు చేసి, కూలీ, సంక్షేమం తానే చూస్తుంది. 1976లో మన రాష్ట్రమూ ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కోసం చట్టం చేసింది. దాన్ని అమలు చేయండని అడగడమే ఆ తరవాత సంఘాల పని అయింది.

ఎదుట కూర్చోవడం గురించి అందరికన్నా ఎక్కువ పట్టుబట్టినవాడు బరంపురం తెలుగువాడు వి.వి. గిరి. రైల్వే కార్మికుల నాయకుడిగా ఎదిగి 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాడు. ట్రిబ్యునళ్ళకు అలవాటుపడితే సంఘాలు నీరసపడతాయని, ఇరుపక్షాలూ మాట్లాడుకుని ఒప్పందం రాసుకోవాలని ఆయన వాదం. విచిత్రమేమిటంటే, 1954లో ఆయన పదవి వదిలింది బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం మార్చినందుకు!

గిరి కోరిన పద్ధతి మన జిల్లాల్లో కళ్ళెదుట నడిచిన చోటు ఆర్టీసీ డిపో. 1958 జనవరి 11న సంస్థ పుట్టింది. 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చి రోజుకు 8 గంటలు, వారానికి 48 అని గీత గీసింది. దూరప్రాంతాల బస్సులకు ఆ గీత 10 గంటల దాకా, వారానికి 54 దాకా జరిగేది. 20 రోజులు పనిచేస్తే జీతంతో ఒక రోజు సెలవు. చట్టం ఇచ్చిన చేయూత ఇది. డ్రైవరు శరీరం గురించిన అసలు షరతులు యాజమాన్యం, యూనియన్లు కూర్చుని రాసుకున్న ఒప్పందాల్లో చేరాయి. సంక్రాంతికి స్పెషల్ బస్సులు పడతాయి, స్పేర్‌లో డ్రైవరుండడు, సరిగ్గా అప్పుడే ఒకరిద్దరు ‘సిక్’ పెడతారు. నిజం జ్వరమా, పండగ జ్వరమా అన్న అనుమానం డిపో మేనేజరుకు. డబుల్ డ్యూటీ చేసి నడుం పట్టేసినా నమ్మరేమన్న కోపం డ్రైవరుకు. ఈ తగవు తీరడానికి రాతకోతలు తప్ప మరో దారి లేదు.

1979 డిసెంబరు 17న అలాంటి రాతే ఒకటి జరిగింది. పారిశ్రామిక వివాదాల చట్టం కింద కుదిరిన ఆ ఒప్పందంలోని 14వ క్లాజు ప్రకారం, రంగులు పోల్చలేరని తేలిన డ్రైవరును ఇంటికి పంపకుండా జీతం తగ్గకుండా వేరే పని చూపాలి. అప్పుడు దాన్నెవరూ పెద్ద విజయంగా చెప్పుకుని ఉండరు.

ఆకాశంలో ఇదే తగవు పెద్ద జీతాలతో జరుగుతోంది. అమెరికా పైలట్లు 1931లోనే సంఘం కట్టారు. మన దగ్గర 2009 సెప్టెంబరులో, సంఘం పెట్టినందుకు సహచరులిద్దరిని తీసేశారని జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు మూకుమ్మడిగా జబ్బు సెలవు పెట్టారు. 2012లో ఎయిరిండియా పైలట్లు, 2024 మేలో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమాన సిబ్బంది అదే బాట పట్టారు. సమ్మెకు నోటీసు కావాలి, జ్వరానికి అక్కర్లేదు. ఈ ఎత్తుగడను నేను పూర్తిగా సమర్థించలేను. నిజంగా జబ్బుపడ్డ మనిషి మాటకు అది విలువ తగ్గిస్తుంది. కానీ మాట్లాడుకునే తలుపు మూసినప్పుడే ఈ జ్వరాలు ఎక్కువగా వచ్చాయన్నది కూడా గమనించాలి.

ఆర్టీసీ కార్మికులు తలుపు తట్టే పద్ధతి వేరు. 2015 మేలో ఎనిమిది రోజుల సమ్మెతో ఆంధ్రలో 43 శాతం, తెలంగాణలో 44 శాతం ఫిట్‌మెంటు తెచ్చుకున్నారు. 2019 అక్టోబరు 5న తెలంగాణలో మొదలైన సమ్మె 52 రోజులు సాగి, ప్రధాన కోరిక తీరకుండానే ముగిసింది. ఆ కోరిక ప్రభుత్వంలో విలీనం. అదే విలీనం 2020 జనవరి 1న ఆంధ్రలో సమ్మె లేకుండా జరిగింది. ఒంగోలు, నరసరావుపేట డిపోల డ్రైవర్లు ప్రభుత్వోద్యోగులయ్యారు. సంబరాలు జరిగాయి, తప్పులేదు. అయితే నాలుగేళ్ళకోసారి యాజమాన్యంతో చేసుకునే వేతన ఒప్పందం ఆగి, జీతం ప్రభుత్వ వేతన సవరణ సంఘం (పీఆర్సీ) చేతిలోకి వెళ్ళింది. వైద్యం సంస్థ ఆసుపత్రుల పద్ధతి నుంచి ఉద్యోగుల ఆరోగ్య పథకంలోకి మారింది. పాత వైద్య సౌకర్యమే మళ్ళీ కావాలన్నది తరవాత సంఘాల కోరికల్లో చేరింది.

2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఆ పాత 14వ క్లాజును పైకి తీసింది. 2014లో చేరి, రంగులు పోల్చలేడని 2016లో ఇంటికి పంపబడ్డ ఒక డ్రైవరుకు అదే జీతం గ్రేడులో తగిన ఉద్యోగం, బకాయిల్లో 25 శాతం ఇవ్వాలని తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. ఎప్పుడో 46 ఏళ్ళ కిందట యూనియన్ వాళ్ళు పట్టుబట్టి రాయించిన వాక్యం అతని కూడు నిలబెట్టింది.

ఆ ఏడాదే నవంబరు 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. సగం మంది, లేదా అంతకు మించి, ఒకే రోజు కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెడితే దాని ప్రకారం అది సమ్మే. రెండు వారాలకు, పైలట్ల కొత్త విశ్రాంతి నియమాలకు సరిపడా సిబ్బంది లేక, ఇండిగో విమానాలు కుప్పలుగా రద్దయ్యాయి. వారం వారం ఇచ్చే విశ్రాంతికి బదులుగా సెలవును లెక్కగట్టకూడదన్న నియమాన్ని డిసెంబరు 5న విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వెనక్కి తీసుకుంది. పైలట్ల సంఘాలు వెంటనే అభ్యంతరం చెప్పాయి.