మన సంఘం బీరువాలో యాభై ఏళ్లు

మన కాలనీ సంఘం ఆఫీసు గదిలో ఆకుపచ్చ రంగు ఇనుప బీరువా ఒకటుంది. పై అరలో వినాయక చవితి జమాఖర్చులు, దాని కింద రశీదు పుస్తకాలు, అడుగున ఎర్ర గుడ్డ అట్టల పొడుగాటి రిజిస్టర్లు ఏడు. స్వర్ణోత్సవ సంచికకు సంఘం చరిత్ర రాయమని కార్యదర్శి అడగ్గానే నేను చేసిన మొదటి పని ఆ బీరువా తీయించడం. మూడు మధ్యాహ్నాలు అక్కడే కూర్చుని మొదటి పేజీ నుంచి చదివాను.

మొదటి సమావేశం మినిట్స్ రాసిన మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన గుండ్రటి చేతిరాత మాత్రం యాభై ఏళ్ల తర్వాత కూడా చెక్కుచెదరలేదు. ఎజెండాలో మూడే అంశాలు: వీధి దీపాలు, బావికి కొత్త గిలక, పాములు. పాముల కింద ఒకే తీర్మానం. ఎవరి ఖాళీ ప్లాటులో తుప్పలు వాళ్లే కొట్టించుకోవాలి, యజమాని ఊళ్లో లేకపోతే పక్కింటివాళ్లు కొట్టించి ఖర్చు రాసిపెట్టుకోవాలి. కింద పదకొండు సంతకాలు. అప్పటికి ఇక్కడ లేచిన ఇళ్లు పద్నాలుగు. అంటే మూడిళ్ల వాళ్లు తప్ప అందరూ వచ్చారు. ఇవాళ మనం ఆరువందల పైచిలుకు కుటుంబాలం. పోయిన ఏడాది సర్వసభ్య సమావేశానికి వచ్చినవాళ్లు నలభై ఒక్కరు.

మన నమోదు పత్రం మీద ఉన్న చట్టం పేరు చూస్తే కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది. “1350 ఫస్లీ” అని ఉంటుంది. అది నిజాం కాలంలో, 1940 ప్రాంతంలో, ఫస్లీ సంవత్సరాల లెక్కన వచ్చిన సంఘాల నమోదు చట్టం. తెలంగాణ ప్రాంతంలో సంఘాలన్నీ అరవై ఏళ్లపాటు దాని కిందే నడిచాయి. 2001లో ఉమ్మడి రాష్ట్రానికంతటికీ కొత్త సొసైటీల చట్టం వచ్చాక పాత సంఘాలూ దాని కిందికే వచ్చాయి. కనీసం ఏడుగురు కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం జాబితా జిల్లా రిజిస్ట్రారుకు పంపాలి. ఆ జాబితా వేళకు పంపని సంఘం ఉన్నా లేనట్టే. మన కోశాధికారులు ఒకరి తర్వాత ఒకరు ఆ పని తప్పకుండా చేసినందువల్లే ఈ రోజు స్వర్ణోత్సవం అని ధైర్యంగా అనగలుగుతున్నాం.

ఆ రిజిస్టర్లు చదువుతుంటే నాకు ఒక సంగతి తట్టింది. మన ఇళ్లు కదల్లేదు కానీ చిరునామా ఎన్నిసార్లు మారిందో చూడండి. సంఘం పెట్టిన నాడు మనది గ్రామ పంచాయతీ, హైదరాబాద్ జిల్లా. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లాం. తర్వాత పంచాయతీ పోయి మున్సిపాలిటీ వచ్చింది. 2007 ఏప్రిల్ 16న చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను పాత హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) చేశారు. సుమారు 170 చదరపు కిలోమీటర్ల నగరం ఒక్కసారిగా 625 అయింది. 2014లో రాష్ట్రం మారింది, 2016లో జిల్లా మళ్లీ మారి మేడ్చల్-మల్కాజ్‌గిరి అయింది. ఇలా మారిన ప్రతిసారీ ఆఫీసు మారింది, అధికారి మారాడు, ఫైళ్లు మూటలు కట్టి ఇంకో చోటికి వెళ్లాయి. కొన్ని చేరాయి, కొన్ని చేరలేదు. ఏ వీధిలో ఏ ఏడు ఎంత లోతున పైపు వేశారో, ఏ మలుపు దగ్గర డ్రైనేజీ పల్లానికి ఎదురెక్కుతోందో ఎడతెగకుండా రాసిపెట్టుకున్నది మన సంఘం ఒక్కటే. మనం చేసిన సేవల్లో అన్నిటికంటే పెద్దది ఇదేనని నా నమ్మకం.

పార్కు సంగతి చెబితే ఇది అర్థమవుతుంది. ఇప్పుడు పొద్దున్నే వందమంది నడిచే ఆ అరెకరం ఒకప్పుడు ముళ్లకంప. లేఅవుట్ వేసినప్పుడు రోడ్లు పోను కొంత స్థలం అందరి అవసరాలకూ వదలాలి, దాన్ని స్థానిక సంస్థకు రాసివ్వాలి. మన లేఅవుట్‌లోనూ అలాగే వదిలారు. ఒక సంక్రాంతి సెలవుల్లో, సగం కాలనీ ఊళ్లకు వెళ్లిన సమయంలో, రాత్రికి రాత్రి అక్కడ కడీలు పాతారు. తెల్లారేసరికి నాలుగు ప్లాట్లుగా సున్నం గీతలు. అడిగితే కాగితాలు చూపించారు. మేం వెళ్లిన కార్యాలయంలో మన లేఅవుట్ ఫైలు దొరకలేదన్నారు. ఒక వారం కాదు, రెండేళ్లు అదే మాట.

అప్పుడు ఈ బీరువాలోంచే బయటికొచ్చింది ఆ మ్యాపు. అమ్మోనియా ప్రింటు, మడతల దగ్గర చిరిగిపోయి, అంచులు పసుపెక్కి ఉంది. కానీ ఒక మూల ఆమోదముద్ర, తేదీ, మధ్యలో “పార్కు” అన్న మాట స్పష్టంగా కనిపిస్తున్నాయి. తొలి అధ్యక్షులు దాన్ని ఒక పాత దిండు గలీబులో చుట్టి దాచారు. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరులో అమల్లోకి వచ్చాక, పది రూపాయల ఫీజు కట్టి, ఈ మ్యాపు నకలు జతచేసి, దీని మూలం ఎక్కడుందో చెప్పమని అర్జీ పెట్టాం. ఫైలు దొరికింది. కడీలు లేచిపోయాయి. ఆ పూట పార్కు చుట్టూ తీగ కంచె బిగించినవాళ్లలో బ్యాంకు మేనేజరూ ఉన్నాడు, బడ్డీకొట్టు నడిపే ఆయనా ఉన్నాడు. చేతులు గీరుకుపోయి అందరం టెటనస్ ఇంజెక్షన్లు వేయించుకున్నాం.

ఆ పోరాటంలో మాకు రెండు పాత తీర్పులు తోడు నిలిచాయి. కాలనీలో ఒక వకీలు గారు వాటిని కథల్లా చెప్పేవారు. ఒకటి మధ్యప్రదేశ్‌లోని రత్లాం సంగతి. మురుగు కాలవలు కట్టడం లేదని ఒక వార్డు జనం మున్సిపాలిటీ మీద కేసు వేస్తే, డబ్బుల్లేవని చెప్పి బాధ్యత తప్పించుకోవడం కుదరదని 1980లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసింది జస్టిస్ కృష్ణయ్యర్. రెండోది బెంగళూరుది. పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇస్తే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కోర్టుకెక్కారు. పార్కు స్థలం పార్కుకే, దాని కోసం అడిగే హక్కు అక్కడ నివసించే జనానికుంది అని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. మన అర్జీల్లో ఈ రెండు తీర్పుల పేర్లు కనీసం పాతికసార్లు కనిపించాయి.

నీళ్ల గురించి రెండు, మూడు రిజిస్టర్లలో నిండా ఉంది. నగరానికి మంజీరా, సింగూరు నీళ్లు వస్తున్నా అంచున ఉన్న మనదాకా రాలేదు. బోర్లే దిక్కు. ఎండాకాలం వస్తే ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని బిందెలు వరుసలో పెట్టి, ఎవరి బిందె ఎక్కడుందో గుర్తుకు చీపురుపుల్ల వేసి, ఇళ్లలో పని చూసుకునేవాళ్లు. బోరు నీళ్లు వీధులవారీగా వదలడానికి వాల్వు తిప్పే ఇనుప చువ్వ సంఘం దగ్గరే ఉండేది. ఆ చువ్వ ఎవరింట్లో ఉండాలన్నదాని మీదే మూడు సమావేశాలు జరిగాయంటే నమ్ముతారా! చివరికి ఒక టీచరమ్మకు అప్పజెప్పారు. ఆవిడ గోడకు సుద్దముక్కతో పట్టిక రాసి, తన వీధి వంతు చివర పెట్టుకుని, ఆరేళ్లు ఒక్క తగవు రాకుండా నడిపారు. కార్యవర్గంలో మొట్టమొదటి మహిళ ఆవిడే. అప్పటిదాకా ఇరవై ఏళ్లు అంతా మగవాళ్లే సంతకాలు పెట్టారన్న సంగతి రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. నీళ్లు మోసేవాళ్లొకరు, నీళ్ల మీద తీర్మానాలు చేసేవాళ్లొకరు.

2004లో కృష్ణా నీళ్లు నగరానికి వచ్చాయి. నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసుకొచ్చిన నీళ్లు. అవి మన కుళాయిల్లోకి రావాలంటే వీధుల్లో పైపులు కావాలి, ప్రతి ఇంటికీ కనెక్షన్ దరఖాస్తు కావాలి. టేపు పట్టుకుని ప్రతి వీధి పొడవూ కొలిచి, ఇళ్ల సంఖ్య రాసి, ఆ పట్టిక ఇంజనీర్ల చేతిలో పెట్టింది మన కుర్రాళ్లే. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు అమెరికాలో ఉన్నారు. ఫోన్ చేసినప్పుడల్లా నీళ్లు ఏ పూట వస్తున్నాయని అడుగుతారు.

చెత్త సంగతి క్లుప్తంగా చెబుతాను, అది అందరికీ తెలిసిందే. తొంభైల్లో సంఘమే రిక్షా పెట్టి, నెలకింత అని వసూలు చేసి చెత్త తీయించింది. 2015లో ఇంటింటికీ తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, పొడి చెత్తకు నీలం బుట్ట ఇచ్చి, ఆటోలు తిప్పడం మొదలైంది. రెండు బుట్టలూ ఇప్పుడు చాలా ఇళ్లలో బియ్యం పోసుకోవడానికి, బట్టలు నానబెట్టడానికి పనికొస్తున్నాయి. ఇది బాధతోనే రాస్తున్నాను.

ఎన్నికైన పాలనలో మనకు చోటెక్కడ అన్న ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనది. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలూ ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు వేయాలని చెప్పింది. 2011 లెక్కల ప్రకారం జీహెచ్ఎంసీ జనాభా సుమారు 67 లక్షలు, 2020 ఎన్నికల నాటికి డివిజన్లు 150. అంటే ఒక్క కార్పొరేటర్ సగటున 45 వేల మందికి సమాధానం చెప్పాల్సి వచ్చింది. కోనసీమ పల్లెల్లో 45 వేల మంది ఉంటే ఎన్నో పంచాయతీలు, వాటి నిండా వార్డు సభ్యులు ఉంటారు. మనకు ఉన్నది ఒక్కరే. ఆ ఒక్కరు కూడా లేని రోజులున్నాయి. 2007లో విలీనం జరిగాక 2009 నవంబరు ఎన్నికల దాకా నగరాన్ని ప్రత్యేకాధికారి పాలించారు. ఆ రెండున్నరేళ్లూ సోమవారం ప్రజావాణికి వెళ్లి, అర్జీ ఇచ్చి, స్టాంపు వేయించుకున్న రశీదులు ఐదో రిజిస్టరులో అతికించి ఉన్నాయి. 2023 జూన్‌లో ప్రతి డివిజన్‌కూ వార్డు ఆఫీసు తెరిచారు. ఒకేచోట ఇంజనీరింగు, పారిశుద్ధ్యం, టౌన్ ప్లానింగు సిబ్బంది ఉండటం మంచి పద్ధతి. కానీ వార్డు కమిటీల్లో ఎవరుండాలో పైనుంచి నియమించడం నాకు నచ్చదు. కాలనీలూ బస్తీలూ తమ మనిషిని తామే ఎన్నుకుని పంపితేనే ఆ కమిటీకి నోరుంటుంది.

మనం అడిగే ముందు మన ఇల్లు సర్దుకోవాలి. 2020 డిసెంబరు జీహెచ్ఎంసీ ఎన్నికల్లో పోలైనవి నూటికి 46 చిల్లర ఓట్లు. వీధి దీపం వెలగకపోతే వాట్సాప్‌లో ముప్పై మెసేజులు పెట్టే మనం పోలింగ్ రోజున తలుపు తీయలేదు.

ఇంకో సంగతి చెప్పక తప్పదు. 2020 అక్టోబరు 13 రాత్రి ఎవరూ మరిచిపోలేరు. ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. మన కింది వీధుల్లో నడుముల్లోతు నీళ్లు, నాలా పక్కనున్న బస్తీలో పైకప్పులదాకా నీళ్లు. రాత్రి పదకొండింటికి కమ్యూనిటీ హాలు తలుపులు తీశాం. తడిసిన పిల్లల్ని భుజాల మీద వేసుకుని వచ్చినవాళ్లలో మన ఇళ్లలో అంట్లు తోమే అమ్మలున్నారు, మన వీధులు ఊడ్చేవాళ్లున్నారు, మన పిల్లల్ని బడికి దింపే ఆటో అన్నలున్నారు. నాలుగు రోజులు ఉన్నారు. ఉప్మా, పులిహోర, ఎవరింట్లో ఏముంటే అది వచ్చింది. నాలుగో రోజు ఒకావిడ వెళ్తూ వెళ్తూ నన్ను అడిగింది: “అయ్యా, ఈ హాల్లోకి మేం మామూలు రోజుల్లో రావొచ్చా?”

నిజానికి రాకూడదు. మన నిబంధనావళిలో ప్లాటు యజమానికే సభ్యత్వం. అద్దెకున్నవాళ్లకు లేదు, నాలా అవతలివాళ్లకు అసలే లేదు. ఇవాళ మన కాలనీలో సగానికి పైగా ఇళ్లలో ఉన్నది అద్దెకున్నవాళ్లే. అదే నీళ్లు తాగుతూ, అదే రోడ్డు మీద నడుస్తూ, అదే డివిజన్‌లో ఓటు వేసే వాళ్లకు మన సమావేశంలో కుర్చీ లేదు. ఆ తల్లి ప్రశ్నకు అప్పుడు “రావొచ్చమ్మా” అన్నాను. ఆ మాట నిలబెట్టుకోలేదు. ఈ స్వర్ణోత్సవ సర్వసభ్య సమావేశంలో ఆ నిబంధన మార్చే తీర్మానం నేనే ప్రవేశపెడుతున్నాను. వచ్చి చేయెత్తమని పేరుపేరునా అడుగుతున్నాను.

చివరగా ఒక విన్నపం. నాలుగో రిజిస్టరులో పద్దెనిమిది పేజీలు చెదలు తినేశాయి. మున్సిపాలిటీ తొలినాళ్ల సంగతులు అందులో పోయాయి. మీ ఇళ్లలో, అటకల మీద, పెద్దవాళ్ల ట్రంకు పెట్టెల్లో పాత నోటీసులు, చందా రశీదులు, ఫొటోలు, పన్ను కాగితాలు ఏవున్నా తెచ్చివ్వండి. నకలు తీసుకుని అసలు మీకే తిరిగి ఇస్తాం. ఆదివారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా సంఘం ఆఫీసు తెరిచే ఉంటుంది.